తోడుమట్టి

కదిరి నుంచి వచ్చే బస్సు బొమ్మరాళ్ళపల్లి మలుపు తిరిగిందంటే కండక్టరు టికెట్లు కొట్టడం ఆపేసి మరీ చెప్పేవాడు: "కుడిపక్క చూడండప్పా, అదే బతికున్న చేను." జనం మెడలు సాచి చూసేవాళ్ళు. కనుచూపు మేర నేలంతా పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే, నడుమ ఐదెకరాలు మాత్రం ఎర్రగా, పచ్చగా ఉండేది. అది మారెక్క చేను.

వెనక ఎప్పుడో చెనిక్కాయకు, అదే వేరుశనగకు, కుళ్ళుతెగులు వచ్చి జిల్లా అంతా నెత్తిన చేతులు పెట్టుకున్న కాలంలో, శుద్ధిమందు అని ఒక తెల్లపొడి వచ్చింది. చల్లితే తెగులు చచ్చేది. తెగులుతో పాటు నేలలో కదిలేదీ మెదిలేదీ అంతా చచ్చేది. ఆ సంగతి అప్పుడెవరికీ పట్టలేదు. పంటకు కావలసిన సత్తువ గొట్టాల్లో కలిపి పంపేవాళ్ళు, మొక్క తాగేది, కాయ కాసేది. నేల పని మొక్కను నిలబెట్టడమే. చుట్టుపక్కల నలభై ఊళ్ళు అట్లాగే పండించుకున్నాయి.

మారెక్క ఒక్కతే ఆ పొడి చల్లలేదు. చూడడానికి వచ్చినవాళ్ళంతా ఆమె ముందుచూపును మెచ్చుకుని చేతులు జోడించేవాళ్ళు. ఆమె మాత్రం అందరికీ ఒకే మాట చెప్పేది.

"ముందుచూపూ లేదు, మూడోకన్నూ లేదు. ఆ మందు అమ్మేటోడు మా మేకపోతును బండికింద తొక్కిచ్చి, తప్పు మేకపోతుదే అన్న్యాడు. నా గడప తొక్కద్దురా అని చెప్పినా. వాడు తొక్కలే. అంతే కథ."

ఇట్లా అంటూనే వచ్చినవాళ్ళ ఒళ్ళో దోసెడు కాయలు పోసేది. పోస్తున్నంతసేపూ ఆమె మెడ జానెడు పొడుగయ్యేది. ఉన్నదే అయిదడుగుల మనిషి, ఆ కాస్త పొడుగు ఆమెకు అవసరమే.

ఆమె కూతురు సుంకులమ్మ ఆ చేనిగట్ల మీద పెరిగి, మట్టిని చదువుకుని, గుట్టకింది ప్రయోగశాలలో పెద్ద శాస్త్రవేత్త అయింది. చచ్చిన నేలను బతికించడం ఆమె పని. శుద్ధిమందు ఆగిపోయి చాలాకాలమైంది, వానలకు దాని విషమూ కొట్టుకుపోయింది. అయినా నేల లేవలేదు. సుంకులమ్మ తన సహచరుడు దస్తగిరితో కలిసి నేలలో ఉండవలసిన జీవాలన్నిటినీ విడివిడిగా పెంచింది. సూక్ష్మజీవులు ఒక జాడీలో, బూజుపోగులు ఒక జాడీలో, కంటికి ఆనీ ఆనని పురుగులు మరో జాడీలో. అన్నీ కొలిచి, కలిపి, చచ్చిన మట్టి పోసిన గాజుతొట్లలో వదిలేది. నెల తిరక్కుండానే ఒకదాన్నొకటి తిని, మిగిలినవి ఆకలికి చచ్చేవి. మళ్ళీ కలిపేది, మళ్ళీ చచ్చేవి.

"బస్టాండులో జనాన్ని పట్టుకొచ్చి ఒకచోట దింపితే ఊరైతాదా మేడం?" అన్నాడు దస్తగిరి ఒకరోజు, తొట్టి కడుగుతూ.

సుంకులమ్మకు ఒళ్ళు మండింది. మండినా, మాట నిజమే.

అసలు సంగతి తొట్లలో కాదు, తొట్ల వెనక తేలింది. మారెక్క కూతురికి పచ్చి చెనిక్కాయలు పంపేది. పీకిన చెట్లను పీకినట్టే, వేళ్ళకున్న మట్టిపెళ్ళతో సహా, తడిగోనెలో చుట్టి బస్సులో వేసేది. ప్రయోగశాలలో అందరూ కాయలు తెంపుకుని తినేసి, చెట్లను మూల ఉన్న పనికిరాని తొట్టిలో పారేసేవాళ్ళు. ఒకనాడు ఆ తొట్టిని ఖాళీ చేయబోయి దస్తగిరి కేకేశాడు. అందులోని తెల్లమట్టి పెళ్ళ చుట్టూ ముదురురంగుకు తిరిగింది. ముట్టుకుంటే కొత్తవాన వాసన వేసింది.

సుంకులమ్మ ఆ మట్టిని సూక్ష్మదర్శిని కింద పెట్టింది. వెంట్రుకకన్నా సన్నని తెల్లపోగులు వేరును పట్టుకుని, వేరు పోలేనంత దూరం పోయి, నీటినీ భాస్వరాన్నీ మోసుకొచ్చి వేరుకిస్తున్నాయి. వేరు బదులుగా చక్కెర పెడుతోంది. ఆ పోగుల మీద సూక్ష్మజీవులు కాపురం పెట్టాయి. వాటిని మేసే పురుగులున్నాయి, ఆ పురుగుల పెంటను వెతుక్కుంటూ వచ్చిన సూక్ష్మజీవులు వేరే ఉన్నాయి. ఎవరి ఎంగిలి ఎవరికో అన్నం. ఎవరూ ఎవరినీ చంపి ముగించడం లేదు, తిని మిగులుస్తున్నారు. ఆమె విడివిడిగా పెంచినవన్నీ ఇక్కడా ఉన్నాయి, కానీ ఇవి కలిసి బతకడం తెలిసినవి.

"పాలల్లో పెరుగు ముక్కలు ముక్కలుగా తయారుచేసి కలుపుతామా? ఉన్న పెరుగే రోంత తెచ్చి తోడేస్తాం," అంది సుంకులమ్మ. ఇన్నేళ్ళూ ఆ మాత్రం తట్టనందుకు తన నెత్తిన తనే ఒకటి మొట్టుకుంది.

ఆ తోడును పొలమంతా పాకించడానికి వాళ్ళు కనిపెట్టిందే వేరుబట్ట. చూడడానికి చిల్లుల గోనెపట్టా. చేసే పని మాత్రం వేళ్ళది: కొంచెం కొంచెంగా చక్కెర కారుస్తుంది. దాన్ని చచ్చిన నేలలో పూడ్చి, నడుమ ఒక బతికిన మట్టిపెళ్ళ పెడితే, ఎటుచూసినా వేళ్ళే ఉన్నాయనుకుని పోగులు ఆశగా పరుగెత్తేవి. వాటి వెనకే తక్కినవన్నీ బయల్దేరేవి. మొక్కలు వచ్చి అసలువేళ్ళు పాతుకునేనాటికి బట్ట మురిగి మట్టిలో కలిసేది.

మారెక్క చేని మూల నుంచి చేటంత పెళ్ళ తీసి పక్కచేలో పెట్టారు. తొలకరికి పెట్టిన పెళ్ళ, కార్తీకం వచ్చేసరికి ఎకరానికి పైగా ఎరుపు తెచ్చింది. గొట్టంనీళ్ళు లేకుండా ఆ ఎకరంలో చెనిక్కాయ కాసింది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. మారెక్క మెడ ఆ వారమంతా దిగలేదు.

అయితే పెళ్ళ తీసినచోట చేను పాలిపోయింది. రెండో పెళ్ళ తీశాక పాలిపోవడం గట్టుదాకా పాకింది. దస్తగిరి నేలను పరీక్షించి వచ్చి నెమ్మదిగా చెప్పాడు.

"పోగులన్నీ ఒకే ఒళ్ళు మేడం. ముక్క కోసినప్పుడల్లా చేనంతా గాయమైతాంది. ముట్టకుండా వదిలేస్తే బతుకుతాది. తీయల్లంటే బలంగా ఉన్నప్పుడే మొత్తం ఒక్కసారి తీయల్ల. రోజుకో ముక్క తీస్తే అదీ దక్కదు, ఇదీ దక్కదు."

సరిగ్గా ఆ ఏడే గొట్టాలు నడిపేవాళ్ళు ఇక తమ వల్ల కాదని చేతులెత్తేశారు. వచ్చే పంటకు సత్తువనీళ్ళు లేవు. నలభై ఊళ్ళలో పెట్టెలు సర్దుకోవడం మొదలైంది. బెంగుళూరు బస్సులకు ముందుగానే సీట్లు అయిపోతున్నాయి.

సుంకులమ్మ ఇంటికి వెళ్ళింది. మారెక్క, కొడుకు తిప్పేస్వామి వసారాలో కూర్చుని విత్తనానికి కాయలు ఒలుస్తున్నారు. తిప్పేస్వామి సుంకులమ్మకు అన్న, ఆ చేను దున్నేవాడు. ఆమె కూడా కూర్చుని చేట ముందుకు లాక్కుంది. కాయలు చిటచిటా చిట్లుతున్నాయి.

"ఏం కావల్లో అడుగు మే," అంది మారెక్క తలెత్తకుండా. "సిన్నప్పుడు కూడా అంతే. బెల్లం కావల్లంటే వచ్చి పని చేసేదానివి."

"చేను కావల్లమ్మా. మొత్తం. మోకాటిలోతు తవ్వి నలభై ఊర్లకు పంపల్ల."

కాయల చప్పుడు ఆగిపోయింది.

"నీకేమన్నా బుద్ధుందా సుంకులూ?" తిప్పేస్వామి చేతిలోని కాయలు చేటలోకి విసిరాడు. "వాళ్ళే మందు చల్లుకున్న్యారు. అప్పుడు మనల్ని చూసి నవ్వినోళ్ళే అంతా. ఇప్పుడు వాళ్ళ పాపానికి మనం చేను ఈయల్లనా?"

"అన్నా, వాళ్ళు పోతే ఊర్లే పోతాయి."

"మనం ఎట్ల బతకల్ల?"

సుంకులమ్మ చెదిరిన కాయలు చేటలోకి ఏరింది. మారెక్కే అడిగింది, "తవ్వినాక మల్లా వస్తాదా?"

"బండ తేలుతాదమ్మా. అంత మన్ను దానంతట అది పుట్టల్లంటే మన కాలం చాలదు. ఆ ఊర్లల్లో బాగా తోడుకుంటే, అక్కడినుంచి తెచ్చి నింపుకోవచ్చు."

"తోడుకోకపోతే?"

"అదీ పోతాది, ఇదీ పోతాది." సుంకులమ్మ తల్లికి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. చెప్పాక మాత్రం తల్లి ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు.

మారెక్క చీరకుచ్చిళ్ళు దులుపుకుని లేచి చేనికి వెళ్ళింది. సుంకులమ్మ వెనకే నడిచింది. చేనికి ఈశాన్యాన మారెక్క భర్త సమాధి ఉంది, రాయి పాతిన చిన్న దిబ్బ. ఆమె అక్కడ నిలబడి రాయి మీది దుమ్ము చేత్తో తుడిచింది. తర్వాత వంగి, పిడికెడు మన్ను తీసి వాసన చూసింది.

"ఈ మూల మన్నే కదా అన్నిటికన్నా మంచిది?"

"అవునమ్మా. ఈడ లోతు ఎక్కువ. అయినా నాయన చుట్టూ తీయంలే."

"తీయి. ఆయప్ప బతికుండంగ తలుపు తట్టినోడికి లేదన్న్యాడా? సచ్చినాక అంటాడా?" కొంగుతో ముఖం తుడుచుకుని మారెక్క నిటారుగా నిలబడింది. "ఇన్నాళ్ళూ నా చేను చూడనీకి ఊర్లు వచ్చె. ఇప్పుడు నా చేనే ఊర్లకు పోతాది. ఎవురి చేనన్నా అట్ల పోయిందా మే? నువ్వు చదివిన్యావు కదా, చెప్పు, యాడన్నా పోయిందా?"

"లేదమ్మా," అంది సుంకులమ్మ.

తవ్వకం ఏరువాక పున్నమికి పెట్టుకున్నారు. దస్తగిరి అన్నీ లెక్క చూశాడు. పోగులకు ఎండ తగిలితే మాడిపోతాయి కనుక పొద్దుగూకాకే తవ్వాలి. నలభై ఊళ్ళ దారుల్లో బండ్లు పోయి, తెల్లారేలోపల పెళ్ళలన్నీ పూడ్చేయాలి. గోనెలెన్ని తడపాలి, ఏ బండి ఏ దారిన పోవాలి, ఏ ఊళ్ళో ఎవరు గుంత తీసి సిద్ధంగా ఉండాలి, అన్నీ చూసుకున్నాడు. ఆ సాయంత్రం బొమ్మరాళ్ళపల్లి దారంతా ట్రాక్టర్లు, ఎద్దులబండ్లు. ప్రతి బండి వెంటా ఆడవాళ్ళు వచ్చారు, తోడు తీసుకుపోవడం ఆడవాళ్ళ పని కదా మరి. పొద్దు గుట్ట వెనక్కి జారింది. దస్తగిరి గడ్డపార తీశాడు.

మారెక్క గట్టుమీద అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు కాదు నాయనా."

"ఏం పెద్దమ్మా?"

"దీపాలు పెట్టే యాళ. ఈ యాళప్పుడు ఇంట్లోంచి తోడు ఈను."

దస్తగిరి గడ్డపార దించాడు. తేమ చూసుకున్నారు, ఎండ చూసుకున్నారు, దారులు చూసుకున్నారు. దీపాలు పెట్టాక పాలు, పెరుగు, తోడు గడప దాటకూడదన్న సంగతి, ఆ ఇంట్లో పుట్టి పెరిగిన సుంకులమ్మకు ఒక్కసారైనా గుర్తురాలేదు.

"అమ్మా, అది పెరుగుకు!"

"గిన్నెడు పెరుగుకే ఆ కట్టుంటే, చేనంత తోడుకు ఉండదా మే?"

కనీసం బండ్ల దగ్గరి ఆడవాళ్ళయినా నచ్చచెబుతారేమోనని సుంకులమ్మ అటు తిరిగింది. నల్లగుట్టపల్లి నుంచి వచ్చిన సాకమ్మ అనే ఆమె అందరికంటే ముందు తలాడించింది, కానీ మారెక్క వైపే.

"ఆయమ్మ చెప్పేది నిజమే గదక్కా. దీపాలు పెట్టినాక తీసకపోయిన తోడు మాకు మాత్రం అచ్చొస్తాదా? రేపు తోడుకోకపోతే ఇదే అనుకోమా?"

ఇచ్చేవాళ్ళు ఇచ్చేది లేదంటున్నారు, పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకునేది లేదంటున్నారు. మళ్ళీ ఈ బండ్లన్నిటినీ పోగుచేసేలోపల తొలకరి వచ్చేస్తుంది. వాన పడితే తవ్విన పెళ్ళ పెళ్ళగా నిలవదు. దస్తగిరి గడ్డపార పట్టుకుని సుంకులమ్మ వైపు చూశాడు. శాస్త్రంలో దీనికి మందు లేదని అతని ముఖమే చెబుతోంది.

సుంకులమ్మ ఊరి వైపు చూసింది. ఇంకా ఏ ఇంట్లోనూ దీపం లేదు. ఆడవాళ్ళంతా చేనిదగ్గరే ఉన్నారు.

"అమ్మా," అంది. "కట్టు పొద్దుగూకినాక అనా, దీపం పెట్టినాక అనా?"

"దీపం పెట్టినాకే."

"పెట్టకపోతే?"

మారెక్క ఒక్క క్షణం కూతురి ముఖంలోకి చూసింది. ఆ తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి ఆమె మేకపోతు కథ నూరుసార్లు విన్నవాళ్ళు కూడా, ఆమెను ఇంత సంతోషంగా ఎన్నడూ చూడలేదన్నారు.

"నా కూతురే!" అంది ఊరందరికీ వినబడేటట్టు. "చూసినారా, నా కడుపున పుట్టిందే! పోండి మే, ఒకరు ఊర్లోకి పోయి చెప్పండి. నేను చెప్పేదాకా ఏ ఇంట్లో దీపం ముట్టియ్యద్దని చెప్పండి. ఈ పొద్దు పొద్దుగూకేది నేను చెప్పినప్పుడే!"

"కరెంటు బుగ్గలు?" అన్నారెవరో.

అంతసేపూ గట్టుకు దూరంగా, ఎవరితోనూ పలక్కుండా కూర్చున్న తిప్పేస్వామి లేచాడు. పంచె ఎగ్గట్టుకుని మోటారుసైకిలు ఎక్కాడు. "ఫీజు నేను పీకేసొస్తా," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. కాసేపటికి ఊరు ఊరంతా ఒక్కసారిగా చీకటైంది. తిరిగివచ్చి అన్న చెల్లెలి చేతిలోని పార లాక్కుని, తండ్రి సమాధి దగ్గర మొదటి పెళ్ళ తనే కోశాడు. కోస్తున్నప్పుడు అతని భుజాలు అదరడం సుంకులమ్మ చూసింది. చూడనట్టు గోనె పట్టుకుంది.

పున్నమి వెన్నెట్లో తవ్వారు. చేటంత పెళ్ళలు, మీద మొక్కతో, కింద వేళ్ళతో, తడిగోనెల్లో ఒక్కొక్కటే బండ్లెక్కాయి. మారెక్క ప్రతి పెళ్ళనూ చేత్తో తాకి పంపింది. ఆఖరి బండి మలుపు తిరిగాక, ఆమె ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని గూట్లో దీపం పెట్టింది. ఆ వెలుగు చూసి పక్కింటివాళ్ళు పెట్టారు, వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు పెట్టారు. అంత ఆలస్యంగా ఆ ఊరికి సందెవేళ ఎన్నడూ కాలేదు.

తర్వాతి నెలలను తలుచుకుంటే సుంకులమ్మకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. చేను ఉన్నచోట బండ తేలింది. ఈశాన్యాన రాయి పాతిన దిబ్బ ఒక్కటే ఒంటరిగా మిగిలింది. బస్సు మలుపు తిరిగినప్పుడు కండక్టరు మౌనంగా టికెట్లు కొట్టుకునేవాడు. తిప్పేస్వామి ఊరవతల రోడ్డుపనికి పోయాడు. మారెక్క ఆ దారిన నడవడమే మానేసింది. ఎవరైనా చూడడానికి వస్తే, "ఏముండాది నాయనా చూడనీకి," అనేది. ఆమె మెడ పొడుగు కాకపోవడం చూసి కూతురు దొంగచాటుగా ఏడ్చింది. నాలుగు ఊళ్ళలో తోడు అంటుకోలేదన్న కబురు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. తక్కినచోట్ల ఏమైందో, పంట చేతికొచ్చేదాకా చెప్పలేనన్నాడు దస్తగిరి.

పంట వచ్చింది. సుంకులమ్మ తల్లిని బలవంతంగా స్కూటరు మీద ఎక్కించుకుని నల్లగుట్టపల్లికి తీసుకువెళ్ళింది. దారిపొడవునా తెలుపు మధ్య ఎర్రటి మడులు కనబడుతుంటే మారెక్క కూతురి భుజం గట్టిగా పట్టుకుంది. సాకమ్మ చేను చేరేసరికి పొద్దువాలింది. మారెక్క చెప్పులు విడిచి దిగింది. ఒక చెట్టు పీకి, వేళ్ళకున్న మన్ను పిసికి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"మాదే," అంది.

సాకమ్మ ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. లోపలికి పిలిచి బెల్లంకాఫీ పోసింది. ఎంత కాసిందో, గొట్టం లేకుండా ఎట్లా కాసిందో, బెంగుళూరు పోయిన మొగుణ్ణి ఎట్లా వెనక్కి పిలిపించిందో ఆపకుండా చెప్పింది. అంతా విని మారెక్క మెల్లగా అసలు మాట తీసింది.

"ఒక పెళ్ళ తీసకపోదామని వచ్చినా సాకమ్మా. మా బండమీద తోడు పెట్టుకోవల్ల."

సాకమ్మ ముఖం చిన్నబోయింది. గూటి వైపు చూసింది. అందులో దీపం వెలుగుతోంది.

"ఇప్పుడే పెట్టినా గదక్కా," అంది ఇబ్బందిగా. "దీపం పెట్టినాక తోడు ఎట్లిచ్చేది? ఏమనుకోవద్దు. తెల్లారుజామున, పొద్దు పొడవకముందే నేనే తవ్వి ఇస్తా. ఒకటి కాదు, బండెడు ఇస్తా. మా ఊర్లో అందరం అనుకున్న్యాం, మీ గిన్నె ఉత్తగా పంపకూడదని. కానీ ఇప్పుడు మాత్రం ఈను."

ఐదెకరాలు ఇచ్చిన మనిషికి చేటెడు మన్ను లేదంటున్నారు. తల్లికి కోపం వస్తుందనుకుంది సుంకులమ్మ.

మారెక్క మెడ జానెడు పొడుగైంది.

"వింటివా మే?" అంది కూతురితో, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ. "నా మన్నే నాకు లేదంటాంది! మన్నంటే అట్ల దాసుకోవల్ల. ఇంగ నాకు దిగుల్లేదు." కాళ్ళు చాపుకుని అరుగు మీద సర్దుకుని కూర్చుంది. "పరుపు పరచు సాకమ్మా, ఈ రాత్రి ఈడనే పండుకుంటాం. అంతలోపల నీకు మా మేకపోతు కథ చెప్తా, కూచో."